ఎంత మేస్తది?

తొమ్మిదో తరగతిల మా లెక్కల సారు నన్ను ఆఖరి బెంచీల కూసుండబెట్టి, "నీ తలకాయల ఏం లేదురా, తట్టితే ఖాళీ కుండ లెక్క మోగుతది" అన్నడు. సారు మాట వమ్ము కావద్దని బడి బంద్ చేసిన. ఇప్పుడు నల్లగొండల నాకు కంప్యూటర్ల దుకాణం ఉన్నది. నా తలకాయల లేనిదాన్నే అట్టపెట్టెలల్ల పెట్టి అమ్ముకొని బతుకుతున్న. దాన్ని ప్రాసెసర్ అంటరు. ఒకసారి సారే వచ్చి కొడుకు కోసం ఒకటి కొనుక్కపోయిండు. బిల్లు రాస్తుంటే నా తలకాయ దిక్కు చూసిండు గని, తట్టలేదు.

పోయిన నెల దుకాణంకు ఒక మూట వచ్చింది. నల్ల గొంగడి ముక్క, చుట్టూ పురికొస. ముడి చూడంగనే ఎవరి మూటో తెలిసింది. అంగడికి తోలుకపోయే గొర్రె కాళ్లకేసే ముడి అది. ఎంత గుంజులాడినా ఊడదు, కొస పట్టుకొని ఒక్కసారి లాగితే ఊడుతది. నాకు తెలిసి కంప్యూటర్‌కు గసొంటి ముడి ఏసే మనిషి జిల్లా మొత్తంల ఒక్కతే.

"పెద్దమ్మ రాలేదా?" అని అడిగిన, మూట తెచ్చిన కోడలును.

"ముడి నేనే ఏసిన అన్నా. అత్త నేర్పింది" అన్నదామె. అత్త పెద్దకర్మ అయి వారం అయితాందని కూడ చెప్పింది.

ముడి కొస లాగిన. గొంగడి ఇప్పుకున్నది. లోపల అరచేతి కన్న జర పెద్ద నల్ల డబ్బా. ఏండ్ల కింద నేనే అమ్మిన కంప్యూటర్, దుమ్ము తీయించనీకి తెచ్చింది. అంచులు అరిగినయి, మీద గొర్రె బొచ్చు అంటింది.

పెద్దమ్మ పేరు రాయను. రాస్తే, నన్ను పేపర్లకు ఎందుకెక్కించినవురా అని పైనుంచి కట్టె ఇసురుతది. గొర్ల మందతోని బతికిన ఇల్లు వాళ్లది. ఊరు నకిరేకల్ దిక్కు, రోడ్డు దిగి లోపలికి పోవాలె. సన్నని మనిషి, పొడుగు. దుకాణంకు ఎన్నిసార్లొచ్చినా కుర్చీల కూసోలె. గడపల కూసోని, కట్టె మోకాళ్ల మీద అడ్డం పెట్టుకునేది. గిరాకీ లోపలికి రావాలంటే ఆ కట్టె దాటాలె. దాటేటోళ్లను కిందినుంచి మీదికి ఒక్క చూపు చూసేది. చానామంది నా మొఖం చూసి బేరమాడుతరు గని, ఆ చూపు పడ్డంక బేరమాడే ధైర్యం ఎవ్వరికీ ఉండకపోయేది. నెలకు రెండుసార్లు వచ్చి కూసోమని బతిమిలాడిన. జీతం ఏమిస్తవన్నది. తిండి పెడత అన్న. "నీకు మిగిలితే గద" అన్నది.

దేన్ని చూసినా ఆమె మొదలు అడిగేది ఒక్కటే. ఎంత మేస్తది? నా మోటర్‌సైకిల్‌ను చూసి గదే అడిగింది. పక్క దుకాణంల ఫ్రిజ్‌ను చూసి గదే అడిగింది. ఓట్లప్పుడు ఊర్లకు వచ్చిన లీడర్ దండం పెడుతుంటే, ఎనక నిలబడ్డ వాళ్ల మనిషిని పక్కకు పిలిచి, "గీయిన ఎంత మేస్తడు?" అని అడిగిందట. నన్ను చూసి మాత్రం అడుగలె. మొదటి రోజే నా బొర్ర దిక్కు చూసి, "గీయినను అడుగుడెందుకు, కనబడుతనే ఉన్నది" అన్నది.

ఆమెకు కంప్యూటర్‌తోని ఏం పని? ఆమెకు లేదు, కోడలుకు ఉండె. కోడలు ఇంటర్ చదివి, నల్లగొండకు బస్సుల వచ్చిపోయి కంప్యూటర్ నేర్చుకున్నది. కొడుకు మందను తోలుకొని నీళ్లున్న దిక్కు పోతే నెలలకు గని రాడు. ఊర్ల ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా, ఏ సర్టిఫికెట్ కావాలన్నా నకిరేకల్ పోవాలె. ఒక్క కాగితం కోసం కూలి పోగొట్టుకొని పోయేటోళ్లు. మనమే ఒక కంప్యూటర్ పెడదాం అత్తా అని కోడలు అన్నది. పెద్దమ్మ సరే అన్నది. అంతవరకు బాగనే ఉన్నది. పంచాయితీ అంతా కరెంటు కాడనే.

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తల ముచ్చట ఇది. ఊర్లల్ల కరెంటు సుట్టం లెక్క వచ్చిపోయేది. ఈళ్ల ఇంటికి దొడ్డి ఆనుకొనే ఉంటది. మందను బయటికి తోలినా, ఈనిన గొర్లు, పాలు తాగే పిల్లలు దొడ్డిలనే ఉంటయి. చీకటి పడ్డదంటే కుక్కల గుంపు వస్తది. వెలుగుంటే దూరం నుంచి మొరిగి పోతయి, వెలుగు లేకుంటే తడిక దూకుతయి. గందుకే దొడ్డి మీద ఒక సోలార్ పలక, కింద ఒక బ్యాటరీ, ఒక బల్బు పెట్టుకున్నరు. అవి కూడ కొన్నయి కావు. బత్తాయి తోట ఆసామి ఎరువు కోసం వీళ్ల మందను తోటల పండబెట్టించుకొని, దానికి బదులు ఇచ్చిండు. ఇప్పుడు ఆ ఒక్క బ్యాటరీ మీదనే దీపం వెలగాలె, కంప్యూటర్ నడవాలె. కంప్యూటర్ పగలంతా బ్యాటరీని తిని కూసుంటే రాత్రి దీపం ఆరుతది. దీపం ఆరితే పిల్లలు పోతయి.

ఇదంతా గడపల కూసోని చెప్పి, చూపియ్యి అన్నది. నేను మూడు రకాలు టేబుల్ మీద పెట్టిన. పెద్దది బాగా ఉరుకుతదని చెప్పిన, నడిమిది కూడ మంచిగనే ఉరుకుతదని చెప్పిన. మూడోదాన్ని గురించి చెప్పనీకి నాకే నామోషీ అయ్యింది. ప్రాసెసర్లల్ల కూడ మొదటి బెంచీ, ఆఖరి బెంచీ ఉంటది. అది ఆఖరి బెంచీది. చీరల దుకాణాలల్ల గోడకున్న టీవీల ఒక్కటే బొమ్మ తిప్పి తిప్పి చూపిస్తరు గద, దానికి పెట్టేది. లోపల ఫ్యాన్ కూడ ఉండదు. చదువుకోనోన్ని చదువుకోనోడే చిన్నచూపు చూసినట్టు, నేనే దాన్ని మూలకు పెట్టిన.

"ఎంత మేస్తయి?" అన్నది పెద్దమ్మ.

వాట్లంటే ఆమెకు తెలువదు గని, మేత లెక్కల చెప్తే వెంటనే తెలిసింది. పెద్దది గంపెడు మేస్తది, నడిమిది తట్టెడు మేస్తది, గీ చిన్నది పిడికెడు మేస్తది అన్న. ఆమె లేచి వచ్చింది. పొట్టేలు వీపు మీద బొటనవేలు పెట్టి వెన్నుపూస పొడుగుత ఒత్తి చూస్తరు, కండ ఎంతున్నదని. గట్లనే మూడు డబ్బాల మీద ఒత్తి చూసింది. నాకు నవ్వాగలె. కోడలు సిగ్గుపడి కంప్యూటర్ల దిక్కు కాకుండ రోడ్డు దిక్కు చూడబట్టింది.

"మాట మీద కొననురా కొడుకా. పొట్టేలు కొనాలంటే ఒక పూట మేపి చూస్తం, నెమరు ఏస్తదో లేదో చూసి అప్పుడు బయానా ఇస్తం. గీటిని కూడ మేపి చూడాలె."

మాటవరసకు అన్నదనుకున్న. తెల్లారి బ్యాటరీ తీసుకొని దిగింది. బ్యాటరీ, దొడ్డి బల్బు, దాని వైరు, అన్నీ గొంగడిల కట్టుకొని బస్సుల వచ్చింది. సామాను టికెట్ తీసుకొమ్మని కండక్టర్ అంటే, ఒళ్లె కూసున్న పిల్లకు టికెట్ ఏందయ్యా అన్నదట. కండక్టర్ తొంగి చూసి, పిల్ల జర నల్లగున్నదవ్వా అన్నడట. మా అత్తగారి పోలిక అన్నదట.

నా దుకాణంల మెయిన్ బంద్ పెట్టించింది. ఫ్యాన్ ఆగింది. నేను చెమటలు కక్కుకుంట పెద్ద కంప్యూటర్‌ను ఇన్వర్టర్ పెట్టి ఆమె బ్యాటరీకి కలిపిన. పక్కనే దొడ్డి బల్బు కూడ వెలిగించినం. కోడలు ముందట కూసోని దరఖాస్తులు నింపే పని చేసుకుంట పోతాంది. పెద్దమ్మ గడపల కూసున్నది. ఆమె తెర దిక్కు ఒక్కసారి చూడలె. బల్బు దిక్కే చూసింది. రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి, పట్టపగలు బల్బు ముందట పెట్టుకొని కూసున్నరేందని అడుగుతున్నరు. మేపుతున్నం అని చెప్పిన.

నేను టిఫిన్ డబ్బా ఇప్పి సగం తిన్ననో లేదో ఇన్వర్టర్ కీసుమన్నది. బల్బు ఎర్రబడ్డది. పెద్దమ్మ కట్టెతోని నేల మీద తట్టి, "ఇద్దరూ తిననీకే పుట్టిండ్రు" అన్నది. అంటే నేను, ఆ కంప్యూటర్.

నడిమిదాని పేరే ఎత్తలె. రాత్రికి బ్యాటరీని నా దుకాణంల నింపమన్నది. తెల్లారి మళ్ల వచ్చి చిన్నదాన్ని పెట్టమన్నది. దానికి ఇన్వర్టర్ కూడ అక్కర లేదు, బ్యాటరీకి నేరుగ కలిపిన. పొద్దు ఎక్కింది, పొద్దు వాలింది. నా టిఫిన్ డబ్బా అయిపోయింది, చాయలు అయిపోయినయి, షట్టర్ సగం దించిన. బల్బు పొద్దుగాల ఎట్లున్నదో గట్లనే ఉన్నది. అయితే కోడలు మొఖం మాత్రం గట్ల లేదు. ఆమె నేర్చుకున్నది పెద్దవాటి మీద. ఇది ఒక్కో పేజీ తెరవనీకి చాయ తాగేంత సేపు చేస్తాంది. పైకి అంటలేదు గని, ఊర్ల పదిమంది ముందట ఇట్ల ఆగుకుంట నడిస్తే నవ్వుతరని ఆమె భయం.

పెద్దమ్మ ఇది ఎప్పుడు గమనించిందో గని, కోడలు పక్కకు వచ్చి నిలబడ్డది.

"నీకు సరిపోతదా పిల్లా? నా కోసం సరే అనకు. పని నీది."

"ఆలస్యం అయితది అత్తా. గని ఆగిపోతలేదు."

"ఆలస్యమైతే మనుషులు కూసుంటరు. దీపం ఆరితే కుక్కలు కూసోవు గద బిడ్డా."

కోడలు నవ్వింది. గప్పుడు నేను మధ్యల దూరి, జర ర్యామ్ ఎక్కువ ఏసుకుంటే పేజీలు తొందరగ తెరుస్తయి, మేత పెద్దగ పెరుగదు అని చెప్పిన. ర్యామ్ అంటే ఏందన్నది. నోట్లె పండ్లసొంటియి అన్న. గొర్రె వయసును పండ్లతోని చూస్తరు, రెండు పండ్లది, నాలుగు పండ్లది అని. అసలే ఆ లెక్కల ఆమెను మోసం చేసినోడు పుట్టలేదు. ఇప్పుడున్నది రెండు పండ్లదా అని అడిగింది. నాలుగు పండ్లది చేస్త అన్న. చేసినంక డబ్బా ఇప్పి, ర్యామ్ చూపియ్యమని వేలుతోని తడిమి చూసింది. అప్పటినుంచి మా దుకాణంల ర్యామ్‌ను పండ్లనే అంటం. కాలేజీ పోరగాళ్లు వచ్చి, అన్నా నా ల్యాప్‌టాప్‌కు ఎనిమిది పండ్లు ఏస్తవా అని అడుగుతరు.

డబ్బా ఊరికి పోయింది. చలికాలం వచ్చింది. ఒకనాడు పొద్దుగాల ఫోన్ వచ్చింది. పెద్దమ్మ గొంతు ఎన్నడూ లేనంత మెల్లగున్నది. "కొడుకా, దానికి పాణం బాగలేదు. ఒళ్లు చల్లబడ్డది. నిన్న మధ్యాహ్నం నుంచి కండ్లు తెరుస్తలేదు."

నేను నిజంగ గొర్రె అనుకొని, పశువుల దవాఖానకు పో పెద్దమ్మా అన్న. తిట్టింది. కంప్యూటర్‌రా అన్నది. బండేసుకొని పోయిన. పోయి చూస్తే, డబ్బా కుంపటి పక్కకున్నది. మీద రెండు మడతల గొంగడి. దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలింది. జరిగిందేందంటే, తక్కువ మేసే ప్రాసెసర్ వేడెక్కేది కూడ తక్కువ. చలికి మీది ఇనుము ఇంకింత చల్లగయ్యింది. పెద్దమ్మ రోజూ దొడ్డిల పిల్లల చెవులు ముట్టి చూసినట్టు దీన్ని కూడ ముట్టి చూసేది. గొర్రెపిల్ల చెవులు చల్లబడ్డయంటే గొంగడి కప్పి కుంపటి కాడ పెట్టాలె, లేకుంటే దక్కదు. ఈమె దీనికి కూడ గదే వైద్యం చేసింది. గాలి ఆడక అది ఉడికి, తనంతట తను బంద్ అయ్యింది. బంద్ అయితే ఇంకో మడత కప్పింది.

గొంగడి తీసి, కుంపటి జరిపి, అరగంట ఆరనిచ్చిన. బటన్ ఒత్తితే లేచింది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాంది. పెద్దమ్మ మాత్రం నవ్వలె. డబ్బా మీద చెయ్యి పెట్టి జరసేపు చూసి, "ఒళ్లు చల్లగున్నా బతికుండే పాణాన్ని నేను గిదే చూసుడు" అన్నది. నేను, పెద్దమ్మా, నాకు జ్వరం వచ్చినట్టున్నది, నాకూ ఒక మడత కప్పుతవా అన్న. "నీకు సరిపోయే గొంగడి నేయాలంటే మందంతా కత్తిరియ్యాలె" అన్నది. అయినా పోయేటప్పుడు చలి ఉన్నదని ఆ గొంగడే నా భుజం మీద ఏసి పంపింది. నేను తిరిగి ఇస్తనంటే, మూట కట్టనీకి ఇంకోటున్నది తీయ్ అన్నది. అది ఇప్పటికీ నా దుకాణంల కుర్చీ మీద ఉన్నది.

నాకు తెలిసిన పెద్దమ్మ ఇంతే. దొడ్డి పక్క రేకుల అర్రల కోడలు టకటక కొడుతుంటే, బయట బండ మీద కూసోని వరుస చూసుకునేది. వచ్చినోళ్లు వరుస తప్పితే కట్టె అడ్డం పెట్టేది. ఒకాయన ఆలస్యం అయితాందని చిరాకుపడి, మీ కంప్యూటర్ నెమరేస్తాందా అవ్వా అన్నడట. "ఏస్తాంది. నువ్వు కూడ ఏసుకుంట కూసో" అన్నదట.

ఇంతే అనుకున్న, పోయిన నెల దాకా.

డబ్బాల దుమ్ము, బొచ్చు బ్రష్‌తోని తీసుకుంట కోడలుతోని అన్న, ఇప్పుడు ఊర్లల్ల కరెంటు మంచిగనే ఉంటాంది గద, ఇది ముసలిదైపోయింది, పండ్లు కూడ అరిగినయి, మంచి ధరకు పెద్దది ఇస్త, తీసుకో అని. ఆమె గొంగడి ముక్కను మడత పెట్టుకుంట ఒక ముచ్చట చెప్పింది.

ఓ వానకాలంల పోలీసు కొలువులకు దరఖాస్తు పెట్టే ఆఖరి రోజు. మూడు రోజుల నుంచి ముసురు. స్తంభం పడి చుట్టుపక్కల ఊర్లన్నిటికి కరెంటు పోయింది. బస్సు కూడ వస్తలేదు. ఊరి పిల్లలంతా ఈళ్ల రేకుల అర్ర కాడికే వచ్చిండ్రు. కోడలు ఎవరిదో ఫోన్‌ల నెట్ పట్టి ఒక్కొక్కరివి నింపుకుంట పోయింది. మబ్బుల్ల సోలార్ పలకకు వెలుతురు లేదు. మాపటికి బ్యాటరీ అడుగుకు వచ్చింది. ఇంక కొందరు మిగిలే ఉన్నరు. అందుల వాడకట్టు చివర కూలి చేసుకునే వాళ్ల పిల్ల ఒకామె ఉండె. వయసు దాటుతాంది, ఇదొక్కటే తనకు ఆఖరి అవకాశం. దొడ్డిల ఆ వారమే ఈనిన గొర్లు. దీపమన్నా ఉండాలె, కంప్యూటరన్నా ఉండాలె. రెండిటికి సాలదు.

కోడలు కంప్యూటర్ బంద్ చెయ్యబోయింది. పెద్దమ్మ వచ్చి దీపం వైరు ఊడగొట్టింది. కట్టె పట్టుకొని, గొంగడి కప్పుకొని, వానల దొడ్డిలకు పోయి గొర్రెపిల్లల నడుమ కూసున్నది. పోరగాళ్లు ఫోన్ లైట్లు పట్టుకొని నిలబడతమంటే, మీరు కదిలితే తల్లులు బెదిరి పిల్లలను తొక్కుతయి, లోపలనే ఉండుండ్రి అన్నదట.

"రేకుల అవతల దొడ్డిల బండ మీద కట్టె చప్పుడు ఇనొస్తుండె అన్నా. టక్కుమని ఒకసారి, జరసేపటికి మళ్ల ఒకసారి. ఆ చప్పుడు ఉన్నంతసేపు అత్త ఉన్నది, పిల్లలున్నయి అనుకొని నేను కొడుతనే ఉన్న. కుక్కలు రెండుసార్లు వచ్చినయి. అప్పుడు చప్పుడు దబదబ వచ్చింది. అప్పుడు కూడ నేను కొట్టుడు ఆపలె."

అందరివీ అయినయి. ఒక్క గొర్రెపిల్ల కూడ పోలె. పెద్దమ్మ తడిసి వచ్చి, గొర్రెపిల్ల చెవులు ముట్టి చూసినట్టు డబ్బాను ముట్టి, పడుకున్నది. నన్ను ఎన్నిసార్లు కలిసినా ఈ ముచ్చట చెప్పలె. నా బొర్ర గురించి చెప్పనీకే ఆమెకు టైం సరిపోయింది.

ఆ కూలోళ్ల పిల్లకు కొలువు వచ్చింది. పెద్దకర్మ నాడు డ్యూటీ బట్టల మీదనే వచ్చి, దొడ్డిల ఆ బండ కాడ టోపీ తీసి నిలబడ్డదట.

నేను బ్రష్ పట్టుకొనే ఉన్న. నా దుకాణంల ఇన్నేండ్లల్ల ఎన్నో పెద్దపెద్దయి అమ్మిన, వాటి పేర్లు కూడ యాదికి లేవు. మూలకు పెట్టిన ఆ ఆఖరి బెంచీది మా జిల్లాకు ఒక పోలీసును ఇచ్చిందంటే, నాకు ఛాతీ ఉబ్బింది. బొర్ర కాదు, ఛాతీయే. ఆ ఉబ్బు ఆమెకు కనబడొద్దని మళ్ల బేరంల పడ్డ. అవన్నీ అప్పటి ముచ్చట్లు చెల్లే, ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతాంది, పెద్దది తీసుకపో అన్న.

ఆమె డబ్బాను గొంగడిల పెట్టింది. పురికొస చుట్టి, ఆ ముడి ఏసి, చంకల పెట్టుకున్నది.

"కరెంటు ఎన్నడు పోతదో చెప్పి పోదు గద అన్నా. పోయిన్నాడు మంద నడుమ కూసునేటానికి ఇప్పుడు మా అత్త లేదు. నువ్వొచ్చి కూసుంటనంటే చెప్పు, పెద్దదే తీసుకుంట. నీ జోకులకు కుక్కలు మళ్ల ఆ దిక్కు రావు."